ఫార్మలిన్ సీసా దగ్గరే తేలిపోతుంది

సంపాదకుడు గారికి,

పాథాలజీ విభాగాల్లో దశాబ్దాలుగా దాచిన పారాఫిన్ బ్లాకుల (రోగుల కణజాలాన్ని మైనంలో పొదిగిన దిమ్మెల) గురించి గత వారం మీరు వేసిన వార్త చదివాను. డీఎన్ఏ అక్షరాలను చదివే కొత్త సీక్వెన్సింగ్ యంత్రం రాగానే వాటిలోని జన్యు సమాచారమంతా బయటికొస్తుందని అధికారులు చెప్పింది చెప్పినట్టే అచ్చేశారు. ఒక్క ల్యాబ్ టెక్నీషియన్‌నైనా అడగాల్సింది.

ఆ డీఎన్ఏ పనికొస్తుందో లేదో చాలావరకు కణజాలం, అది కుళ్లకుండా కాపాడే ఫార్మలిన్ ద్రావణంలో పడిన రోజే తేలిపోతుంది. ఆమ్లత పెరగకుండా చూసే బఫర్ లవణాలు లేని ఫార్మలిన్‌లో ఫార్మిక్ ఆమ్లం పుట్టి డీఎన్ఏను తునకలు చేస్తుంది. ఎముకను గాఢమైన ఆమ్లంలో మెత్తబరిస్తే మరీ ఘోరం. ఎముకలోని కాల్షియాన్ని మెల్లగా లాగే ఈడీటీఏ రసాయనం మేలే, కానీ దానికి చాలా రోజులు పడుతుంది. తొందరలో ఆమ్లమే పోస్తారు. సెలవులొస్తే ముక్క అలాగే నానుతూ ఉంటుంది. రొమ్ము క్యాన్సర్ నమూనాలు ఫార్మలిన్‌లో 6 నుంచి 72 గంటలు ఉండాలన్న నియమం ఉంది, ఎన్ని రిజిస్టర్లలో ఆ సమయం రాసి ఉందో అధికారులు చూశారా?

డీఎన్ఏ తీయడమూ మాటలు కాదు. గాలి తగిలిన పైపొరలు పారేసి, 5 నుంచి 10 మైక్రాన్ల పొరలు కోయాలి, బ్లాకు మారినప్పుడల్లా బ్లేడు మార్చాలి. జైలీన్‌తో మైనం, ఆల్కహాల్‌తో జైలీన్ పోగొట్టాలి. ఆల్కహాల్ పూర్తిగా ఆరకపోతే ప్రోటీన్లను కరిగించే ప్రొటీనేజ్-కె ఎంజైము సరిగా పనిచేయదు. 56 డిగ్రీల దగ్గర రాత్రంతా ఉంచినా ముక్క కరగకపోతే మళ్లీ ఎంజైము వేయాలి. ఆపైన 90 డిగ్రీల్లో గంటసేపు ఉంచితే ఫార్మలిన్ వేసిన ముడులు కొంత విడతాయి. హద్దు మీరితే డీఎన్ఏ ఇంకా విరుగుతుంది. డీఎన్ఏ ఎంతుందో కాంతితో కొలిచే నానోడ్రాప్ పరికరం అంకె చూసి సంతోషపడకూడదు, అది ఆర్ఎన్ఏనూ కలిపి చూపిస్తుంది. డీఎన్ఏకు అంటుకొని మెరిసే రంగును చూసే ఫ్లోరోమీటరుతో కొలిచి, ముక్కల పొడవూ చూడాలి.

ఇంత చేసినా డీఎన్ఏలో ‘సీ’ అక్షరమైన సైటోసిన్ యురాసిల్‌గా మారినచోట యంత్రం ‘సీ’ బదులు ‘టీ’ చదువుతుంది. లేని ఉత్పరివర్తనం (జన్యు మార్పు) ఉన్నట్టు కనిపిస్తుంది. యురాసిల్‌ను కోసేసే యూడీజీ ఎంజైముతో ఈ తప్పును చాలావరకు తొలగించవచ్చు. కానీ మిథైల్ అనే చిన్న రసాయన గుంపు తగిలిన సైటోసిన్ నేరుగా థైమిన్ (‘టీ’) అవుతుంది, దాన్ని యూడీజీ ముట్టదు.

బ్లాకులు విలువైనవే. 1918 ఫ్లూ వైరస్ జన్యు శకలాలను 1997లో వెలికితీసింది ఇలా దాచిన ఊపిరితిత్తుల కణజాలం నుంచే. అందుకే బాధ. యంత్రాలకు ప్రారంభోత్సవాలు జరుగుతాయి, బఫర్ ఫార్మలిన్‌కూ టెక్నీషియన్ పోస్టులకూ మాత్రం నిధులుండవు. బ్లాకులు ఉక్కపోసే గదుల్లో పడి ఉంటాయి.

నమూనా ఫార్మలిన్‌లో పడిన సమయం, తీసిన సమయం పరీక్ష దరఖాస్తులోనే రాయడం తప్పనిసరి చేయాలి. పరిశోధన పేరుతో ఏ బ్లాకునూ అడుగంటా కోయకూడదు. రేపు ఆ రోగికే మరో పరీక్ష కావాల్సి రావచ్చు.

ఇట్లు,
ఒక పాఠకురాలు