స్పీకర్లు తీసుకెళ్లు, యాంప్లిఫయర్ వద్దు

చిన్నా,

ముందుగదిలోని రెండు స్పీకర్ బాక్సులూ, యాంప్లిఫయరూ నీ కారులో పెట్టుకుంటానని నిన్న ఫోన్లో అడిగావు. ఎంత సంతోషమేసిందో! ఇన్నేళ్లు గుడ్డ కప్పి ఉంచినవి మళ్లీ పాడతాయంటే కాదంటానా? స్పీకర్లు తీసుకెళ్లు. యాంప్లిఫయర్ మాత్రం ఇంట్లోనే ఉండనీ.

అది 230 వోల్టుల ఏసీ కరెంటు మీద నడిచేది. కారులో ఉండేది 12 వోల్టుల డీసీ. ఇన్వర్టర్ పెడతానన్నావు. అది 12ని 230కి ఎక్కిస్తే, యాంప్లిఫయర్ లోపలి ట్రాన్స్‌ఫార్మర్ మళ్లీ కిందికి దించుతుంది. రెండు చోట్లా కొంత కరెంటు ఉత్త వేడిగా పోతుంది. 200 వాట్లు కావాలంటే బ్యాటరీ నుంచి ఎంత లేదన్నా 17 ఆంపియర్లు లాగాలి. సిగరెట్ లైటర్ సాకెట్ ఫ్యూజు చాలా కార్లలో 10 లేదా 15 ఆంపియర్లే. చవక ఇన్వర్టరైతే పాట వెనక గుయ్యిమని రొద కూడా వస్తుంది. మన మైక్ సెట్ యాంప్లిఫయర్ జీపు మీద నడిచేది కదా అంటావేమో. దాని వెనక బ్యాటరీకి వేరే టెర్మినళ్లు ఉండేవిరా.

స్పీకర్ల వెనక 8 ఓమ్స్ అని రాసి ఉంది చూడు, స్పీకర్ కరెంటుని ఎంత అడ్డుకుంటుందో చెప్పే అంకె అది. కారు స్టీరియో సెట్లు 4 ఓమ్స్ స్పీకర్లకి చేసినవి. 8 తగిలిస్తే సెట్‌కి భారం తగ్గుతుందే తప్ప ప్రమాదం లేదు. పవర్ సుమారు సగమవుతుంది, కానీ చెవికి సగం చప్పుడు తగ్గినట్టు ఉండదు, కొంచెమే తేడా. తలుపులేసిన కారులో అది చాలు. కారులోంచి తీసిన 4 ఓమ్స్ స్పీకర్లని మాత్రం మన ఇంటి యాంప్లిఫయర్‌కి పెట్టకు. గట్టిగా పెడితే అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్లు వేడెక్కి పోతాయి. స్పీకర్ మైనస్ వైరు కారు బాడీకి ఎక్కడా తగలకూడదు, ఇప్పటి సెట్లు దానికే కాలిపోవచ్చు.

ఇంకా పెద్ద సౌండ్ కావాలంటే 12 వోల్టుల కారు యాంప్లిఫయర్ ఒకటి కొనుక్కో. ఇక్కడే నా టెన్షన్ అంతా. నీకు ఎప్పుడూ చెప్పలేదు, నా కుడి అరచేతిలో మచ్చ వంటింట్లో కాలింది కాదు. ఓసారి ఎలక్షన్ ప్రచారానికి జీపుకి మైక్ కట్టాను. బ్యాటరీ నుంచి వైరు నేరుగా లాగాను, ఫ్యూజు పెట్టలేదు. రేకు రంధ్రం అంచుకి రాసుకుని రాసుకుని వైరు తోలు ఊడింది. ఊరి మధ్యలో పొగ. వైరు పట్టుకుని లాగితే, కరిగిన ప్లాస్టిక్ చేతికి అంటుకుపోయింది. వెనక మనుషులున్నారు, ఇద్దరు పిల్లలు కూడా.

కాబట్టి బ్యాటరీ ప్లస్ దగ్గరే, జానెడు దూరంలో ఫ్యూజు ఉండాలి. యాంప్లిఫయర్ దగ్గర పెడితే లాభం లేదు, మధ్యలో వైరు తెగి రేకుకి తగిలితే ఆపేవాడు ఉండడు. వైరు రేకులోంచి పోయే ప్రతి చోటా, రంధ్రం అంచుకి రబ్బరు గ్రోమెట్ (రింగు) పెట్టాలి.

బాక్సులు డిక్కీలో ఊరికే పెట్టకు, బెల్టు బిగించి కట్టు. సడన్ బ్రేకు వేస్తే అంత బరువు ముందుకొస్తుంది. ఎండలో కారు ఆపేటప్పుడు నీడ చూసుకో, స్పీకర్ల లోపల ఉన్నవి కాగితం కోన్లు.

పండక్కి వచ్చేటప్పుడు కారులోనే రా. ఫ్యూజు హోల్డరు, గ్రోమెట్లు, దళసరి వైరు నేను కొని ఉంచుతాను. అప్పటిదాకా బ్యాటరీ జోలికి వెళ్లకు.

మీ నాన్న