ఆదివారం కలుద్దాం: జనానికి పనికొచ్చే టెక్ ఉద్యోగాలు
అందరికీ నమస్తే. ఈ ఆదివారం ఉదయం 10కి విజయవాడ మొగల్రాజపురం, ఎప్పుడూ కలిసే చోటే.

లాప్‌టాప్, ఒక్క పేజీ రెజ్యూమె తెచ్చుకోండి. ఐటీ కంపెనీలకి పంపేదే తేవద్దు. "జావా వచ్చు" అంటే చాలదు, దాంతో ఎవరి పని తేలికైందో రాయాలి.

చూపించడానికి ఏమీ లేనివాళ్లు ఈలోగా డీహెచ్‌ఐఎస్2 డెమో తెరిచి చూడండి. ఓస్లో యూనివర్సిటీ సాఫ్ట్‌వేర్, ఓపెన్ సోర్స్ (కోడ్ అందరికీ తెరిచే ఉంటుంది), ఆరోగ్య శాఖల లెక్కలకి వాడతారు. దాని కోడ్‌లో చిన్న బగ్ సరిచేసినా రెజ్యూమెలో రాసుకోవచ్చు.

సొంత యాప్ ఉందా? ఫోన్ ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి ఫారం నింపండి, యాప్ మూసి మళ్లీ తెరవండి. నింపింది ఉందా, ఎగిరిపోయిందా? సిగ్నల్ లేని ఊళ్లో ఆశా కార్యకర్త పడే అవస్థ సరిగ్గా ఇదే.

ఇలాంటి ఉద్యోగాల్లో జీతం తగ్గొచ్చు, ఇంట్లో ముందే మాట్లాడుకోండి.

వచ్చేవాళ్లు శుక్రవారం రాత్రిలోపు పేరు పెట్టండి. గుంటూరు వాళ్లూ, 10 అంటే 10కే!