సమ్మతి కాగితం ఏదీ? విద్యాశాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన విద్యాశాఖ మంత్రి గారికి,

నమస్కారం.

బడుల్లో మతబోధనకు, ఆరాధనకు హద్దులు పెట్టిన రాజ్యాంగంలోని 28వ అధికరణం మీ శాఖకు కొత్తది కాదు. దాన్ని బడుల్లో అమలు చేయించమని పెట్టుకునే అర్జీలూ కొత్త కాదు. వాటన్నిటి దారీ ఒకటే. మీ పేషీలో ముద్ర పడుతుంది. "తగు చర్య నిమిత్తం" అని డీఈఓకు పోతుంది. డీఈఓ ఎంఈఓకు పంపుతారు. ఎంఈఓ, ఏ బడి మీద ఫిర్యాదో ఆ బడి హెచ్ఎం టేబుల్ మీదకే చేరుస్తారు. ఆయన రెండు వాక్యాలు రాస్తారు: "మా పాఠశాలలో ఎవరినీ బలవంతం చేయడం లేదు. తల్లిదండ్రుల నుంచి ఎలాంటి అభ్యంతరమూ రాలేదు." ఆ కాగితం వచ్చిన దారినే పైకి వెళ్తుంది, అర్జీ పరిష్కారమైనట్టు రికార్డుకెక్కుతుంది. అందుకే ఈసారి నలుగురూ చదివేలా రాయాల్సి వచ్చింది.

తప్పంతా ఆ రెండో వాక్యంలో ఉందండి. అభ్యంతరం రాకపోవడం వేరు, సమ్మతి ఇవ్వడం వేరు. ప్రభుత్వ గుర్తింపు ఉన్న బడిలో గానీ, ప్రభుత్వ సొమ్ము అందుకునే బడిలో గానీ ఏ విద్యార్థినీ మతబోధనకూ ఆరాధనకూ హాజరు కావాలని నిర్బంధించకూడదని 28(3) చెబుతోంది. హాజరు కావాలంటే ముందు సమ్మతి కావాలి. మైనరు విషయంలో ఆ సమ్మతి సంరక్షకులు ఇవ్వాలి. అంటే ఎవరూ ఏమీ చెప్పకపోతే పిల్లవాడు బయటే ఉన్నట్టు లెక్క. మన బడుల్లో నడుస్తున్నది దీనికి సరిగ్గా తలకిందులు. ఎవరూ ఏమీ చెప్పకపోతే లోపల ఉన్నట్టు లెక్క. వద్దనుకున్నవాళ్లు వచ్చి, హెచ్ఎం గది ముందు నిలబడి, చేతులు కట్టుకుని, వద్దని చెప్పుకోవాలి.

ఒక అడ్మిషన్ ఫారం తెప్పించుకుని చూడండి. పిల్లవాడి పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ, మాతృభాష, పుట్టుమచ్చలు, మతం, కులం. మతం కాలమ్ ఉంటుంది. మతబోధనకు సమ్మతి కాలమ్ ఉండదు. రాజ్యాంగం అడగమన్నది అడగడం లేదు. ఆ మతం కాలమ్‌లో "లేదు" అని రాస్తే, గుమాస్తా దాన్ని కొట్టేసి తల్లిదండ్రుల ఇంటిపేరు చూసి ఏదో ఒకటి నింపుతాడు. జనన నమోదు దరఖాస్తులో "మతం లేదు, కులం లేదు" అని రాసుకునే వీలు కల్పించాలని 2023 జులైలో తెలంగాణ హైకోర్టు ఆదేశించింది. పుట్టుక నమోదులో ఉండాల్సిన వీలు బడి ఫారంలో ఎందుకు ఉండకూడదు?

ఇక పొద్దున ప్రేయర్ సంగతి. మొదటి బెల్ కొట్టాక పిల్లలు వరసల్లో నిలబడతారు. చేతులు జోడించాలి, కళ్లు మూసుకోవాలి. క్లాస్ లీడర్ వరసల మధ్య తిరుగుతూ ఎవరు కళ్లు తెరిచారో చూస్తాడు. ఆ తర్వాతే ప్రతిజ్ఞ, వార్తలు, జాతీయ గీతం. అన్నీ అయ్యాక క్లాసులో హాజరు. ఈ వరసలోనే చిక్కంతా ఉంది. మతప్రార్థన మొదట్లో పెట్టి హాజరు చివర్లో తీసుకుంటే, ప్రార్థనకు రానివాడు ఆలస్యంగా వచ్చినవాడి కింద లెక్క. వాడికి గేటు దగ్గర శిక్ష. ఇక్కడ "బలవంతం" అనే మాట ఎవరూ వాడరు, వాడనక్కర్లేదు కూడా. టైంటేబులే ఆ పని చేస్తుంది.

ఇంగ్లండులో 1870 నాటి ప్రాథమిక విద్యా చట్టం ఈ చిక్కును అప్పుడే పట్టుకుంది. మతబోధన బడి మొదట్లో గానీ చివర్లో గానీ ఉండాలని, ఆ వేళలు టైంటేబుల్లో రాసి అందరికీ కనబడేలా గోడకు తగిలించాలని, వద్దనుకున్న పిల్లల్ని తప్పించినా మిగతా చదువుకు ఏ లోటూ రాకూడదని రాసింది. నూట యాభై ఏళ్లు దాటింది. మన రాజ్యాంగం ఇంకో అడుగు ముందుకేసి సమ్మతినే తప్పనిసరి చేసింది. మనం మాత్రం గోడకు తగిలించే ఆ ఒక్క కాగితం దాకా కూడా రాలేదు.

ధైర్యం చేసి వద్దన్న పిల్లల పరిస్థితి చూడండి. మతబోధన నడిచే నీతిబోధ పీరియడ్‌లో వాళ్లను వరండాలోకి పంపుతారు. కూర్చోవడానికి బెంచీ ఉండదు, చేయడానికి పని ఉండదు, చూసుకునే టీచర్ ఉండరు. కిటికీలోంచి నలభై మంది వాళ్లనే చూస్తుంటారు. బెల్ అయ్యాక "మీ ఇంట్లో దేవుణ్ణి నమ్మరా?" అని మొదలవుతుంది. రెండు వారాలు తిరక్కుండానే ఆ పిల్లలు ఇంటికెళ్లి, "నేనూ అందరితో కూర్చుంటా" అంటారు. హెచ్ఎం గారి దృష్టిలో అది సమ్మతి!

అల్పసంఖ్యాకుల సంస్థలకు ఇది వర్తించదని కొందరు అధికారులు చెబుతుంటారు. 30వ అధికరణం వాళ్లకు బడి పెట్టుకుని నడుపుకునే హక్కు ఇచ్చింది. తమ బడిలో చేరిన పిల్లవాడి అంతరాత్మ మీద హక్కు ఇవ్వలేదు. మిషన్ బడి కావచ్చు, ఏ ట్రస్టు నడిపే బడి కావచ్చు, గుర్తింపు ఉంటే 28(3) ఉన్నట్టే. పూర్తిగా సర్కారు సొమ్ముతో నడిచే బడిలోనైతే 28(1) ప్రకారం మతబోధన అసలే కూడదు, సమ్మతి ఉన్నా సరే. కేంద్రీయ విద్యాలయాల ప్రార్థనలో చదివించే సంస్కృత శ్లోకాల వ్యవహారాన్ని సుప్రీంకోర్టు 2019 జనవరిలో రాజ్యాంగ ధర్మాసనానికి పంపింది కదా, అది తేలాలి అంటారు. ఏ శ్లోకం మతబోధన అవుతుంది, ఏది కాదు అన్నది అక్కడ తేలనివ్వండి. సమ్మతి అడగడానికి ఏ కోర్టు అడ్డొచ్చింది?

చదువులో మతం మాటే వద్దని నేను అనడం లేదు, దయచేసి అలా అర్థం చేసుకోవద్దు. మతాల గురించి పిల్లలకు తెలియాలి. ఇప్పుడు తెలిసేది చాలా తక్కువ. 2002లో అరుణా రాయ్ కేసులో సుప్రీంకోర్టు ఈ తేడానే చెప్పింది: ఒక మతాన్ని ఆచరించమని నేర్పడం వేరు, మతాల గురించి నేర్పడం వేరు. రెండోది చేయవచ్చు. చేస్తే సాంఘిక శాస్త్రం టీచరే చేయాలి, "వీళ్లు ఇలా నమ్ముతారు" అని చెప్పాలి తప్ప "మనం ఇలా నమ్మాలి" అనకూడదు. ఈ ఒక్క క్రియాపదంలోనే తేడా అంతా ఉంది. దీని మీద టీచర్లకు కనీసం ఒక్క పూట శిక్షణ ఇవ్వండి.

శిక్షణ ఎందుకు కావాలంటే, ఆరో తరగతి పిల్ల లేచి, "సార్, అందర్నీ దేవుడు పుట్టిస్తే దేవుణ్ణి ఎవరు పుట్టించారు?" అని అడుగుతుంది. క్లాసులో వచ్చే జవాబు: "కళ్లు పోతాయి, లెంపలేసుకో." ఆ పిల్ల లెంపలేసుకుంటుంది, క్లాసంతా నవ్వుతుంది. ఆ మధ్యాహ్నం సైన్సు పీరియడ్‌లో కూడా ఆ చెయ్యి మళ్లీ లేవదు. విద్యాహక్కు చట్టం 29(2)లో, పిల్లల్లో భయం, ఆందోళన పోగొట్టి వాళ్ల అభిప్రాయాలు స్వేచ్ఛగా చెప్పుకోనివ్వాలని ఉంది. లెంపలేసుకోమనడం ఆ చట్టాన్ని తరగతి గదిలోనే కాలరాయడం.

సందేహం మతానికి శత్రువు అన్న భయం టీచర్లలో బలంగా ఉంది. మతాల సొంత గ్రంథాలే ఆ భయాన్ని తీసేస్తాయి. ఋగ్వేదం పదో మండలంలోని 129వ సూక్తం సృష్టి ఎక్కడి నుంచి వచ్చిందని అడిగి, పైనుంచి చూసేవాడికి తెలుసేమో, ఆయనకూ తెలియదేమో అని ముగుస్తుంది. కఠోపనిషత్తులో నచికేతుడు యముణ్ణే నిలదీశాడు, చచ్చినవాడు ఉంటాడా ఉండడా అని. యేసు గాయాలు తాకి చూస్తే గానీ నమ్మనన్న శిష్యుడు తోమా యోహాను సువార్తలో ఉన్నాడు, శిష్యుల్లోంచి అతణ్ణి ఎవరూ వెళ్లగొట్టలేదు. ఎవరో చెప్పారనో, గ్రంథంలో ఉందనో నమ్మవద్దని బుద్ధుడు కాలాములనే ప్రజలకు చెప్పాడు. జైనులు సృష్టికర్తనే ఒప్పుకోరు. ఆ పిల్లకు ఇవి చెప్పి, "నువ్వూ ఆలోచించమ్మా" అంటే సరిపోయేది.

కేరళలో ముగ్గురు పిల్లలు తమ విశ్వాసం ఒప్పుకోదని జాతీయ గీతం పాడలేదు, అయినా గౌరవంగా లేచి నిలబడ్డారు. 1985లో వాళ్లను బడి నుంచి పంపేశారు. 1986 ఆగస్టులో సుప్రీంకోర్టు వాళ్లను మళ్లీ చేర్చుకోమంది. ఆ తీర్పు రాసింది మన తెలుగువాడే, జస్టిస్ ఓ. చిన్నపరెడ్డి గారు. నమ్మకం వల్ల పాడని పిల్లలకు దక్కిన రక్షణ, నమ్మకం కుదరక చేతులు జోడించని పిల్లలకూ దక్కాలి. 25వ అధికరణంలో మతం కన్నా ముందు రాసిన మాట అంతరాత్మ స్వేచ్ఛ.

అయ్యా, అడుగుతున్నది బడ్జెట్ లేని పని. ఒక్క సర్క్యులర్. అడ్మిషన్ ఫారంతో కలపకుండా వేరే సమ్మతి కాగితం, తెలుగులో, ఉర్దూలో, ఇంగ్లిషులో. ఫీజు కౌంటర్ దగ్గర ఇరవై కాగితాల మధ్య పెట్టి సంతకం చేయించుకుంటే అది సమ్మతి కాదు. ఇంటికి పంపాలి, వారం గడువు ఇవ్వాలి. తిరిగి రాకపోతే "లేదు" అని రాసుకోవాలి. ఏటా కొత్తగా అడగాలి, మధ్యలో మనసు మారితే వెనక్కి తీసుకోనివ్వాలి. హాజరు ముందు తీసుకోవాలి. వద్దన్న పిల్లలకు లైబ్రరీ, ఒక టీచర్. వద్దన్నవాళ్ల పేర్లు బోర్డు మీద రాయకూడదు, ప్రేయర్‌లో చదవకూడదు. ఇదీ ముఖ్యం, ఇదే మొదట తప్పేది.

ఫిర్యాదు వస్తే దాన్ని ఆ హెచ్ఎం చేతికే ఇవ్వకండి. తనిఖీకి వెళ్లినవాళ్లు సమ్మతి కాగితాల ఫైలు చూపించమని అడగాలి. ఫైలు లేకపోతే సమ్మతి లేనట్టే రాయాలి. జూన్‌లో బడులు తెరిచి అడ్మిషన్లు మొదలయ్యేలోగా ఆ సర్క్యులర్ ఇప్పించమని చేతులు జోడించి వేడుకుంటున్నాను.

ఇట్లు,
ఒక సాంఘిక శాస్త్ర ఉపాధ్యాయుడు