వలకి తగిలిన దేవుడు

ఒరేయ్ శీనుగా,

ఫోన్ చేస్తే 'బిజీగా ఉన్నాన్రా' అంటావు, అందుకే ఉత్తరం రాస్తున్నా. టీ పెట్టుకుని తీరిగ్గా చదువు.

మా పెద్దది ఇంటర్ బైపీసీ కదా. మొన్న రాత్రి మెదడు బొమ్మ గీస్తూ 'హిప్పోకాంపస్ అంటే ఏంటి నాన్నా?' అంది. నాకేం తెలుసు! తీరా చూస్తే అది గ్రీకు పురాణాల్లో జంతువట. ముందు సగం గుర్రం, వెనక చేప తోక. సముద్ర దేవుడు పొసైడన్ రథానికి కట్టేది వాటినే. మన గుడి తోరణాల మీద మకరం ఉంటుందే, అలాంటి అతుకుల బొంత. మెదడులో ఆ ముక్క సముద్రగుర్రంలా మెలి తిరిగి ఉంటుందని 16వ శతాబ్దంలో ఇటలీ డాక్టరొకాయన ఆ పేరు పెట్టాడు. పిల్ల పడుకుంది, నాకు నిద్ర పోయింది.

ఆ గుర్రం వెంట పడితే హెలికే అనే ఊరు తగిలింది. సముద్రంలో మునిగిన దీవి అంటూ అందరూ అట్లాంటిస్, అట్లాంటిస్ అని ఊగిపోతారు గానీ, నన్నడిగితే అది గ్రీకు తత్వవేత్త ప్లేటో తన వాదన కోసం అల్లిన కథే. హెలికే అలా కాదు. గ్రీసులో కోరింత్ సింధుశాఖ ఒడ్డున, అకేయా అనే ప్రాంతంలోని 12 ఊళ్ళకి పెద్దదిక్కుగా నిజంగా బతికిన ఊరు. క్రీ.పూ. 373 చలికాలంలో ఓ రాత్రి భూకంపం, వెనకే కెరటం. తెల్లారేసరికి ఊరు లేదు. శవాలు తీద్దామని 2000 మంది వెళ్ళి కూడా తీయలేకపోయారు. రేవులో లంగరేసిన 10 స్పార్టా ఓడలూ పోయాయి. అంతకు ఐదు రోజుల ముందే ఎలుకలు, పాములు, జెర్రులు ఊరొదిలి బారులు తీరి వెళ్ళిపోయాయట. జనం వింతగా చూశారు తప్ప ఒక్కరూ కదల్లేదు. (ఈ ముక్క రాసినాయన ఐదొందల ఏళ్ళ తర్వాతవాడు, కాస్త మసాలా పడే ఉంటుంది.)

అప్పటికి ప్లేటోకి యాభై దాటాయి. ఒక్క పగలూ రాత్రిలో మునిగిన అట్లాంటిస్ గురించి రాసింది ఆ తర్వాతే. ఈ కబురు ఆయన చెవిన పడకుండా ఉంటుందంటావా?

అసలు సంగతి ఇది విను. ఓ 150 ఏళ్ళ తర్వాత, భూమి చుట్టుకొలత లెక్కకట్టిన ఎరటోస్తనీస్ అక్కడికి వెళ్ళాడు. పడవవాళ్ళు చెప్పారట: నీళ్ళలో పొసైడన్ కంచు విగ్రహం ఇంకా నిలబడే ఉంది, చేతిలో హిప్పోకాంపస్, వలలేసేవాళ్ళకి దాంతోనే గండం అని. చదవగానే మీ తాత గుర్తొచ్చాడ్రా! ఉప్పాడ ఒడ్డున వల అల్లుకుంటూ, 'అదిగో, ఆ నురగ కాడ గుడి ఉండేది, ఇప్పుడు నా వల చింపేది ఆ రాళ్ళే' అనేవాడు కదా. తుఫాను వెలిశాక ఇసకలో బంగారం రేణువులకి మనమూ వెతికాం. నీకు ఇత్తడి గుండీ దొరికింది, వారం దాచుకున్నావు.

ఇంకో తమాషా. హెలికే కోసం జనం సముద్రం గాలించారు. డోరా కట్సొనొపౌలూ అనే ఆర్కియాలజిస్టు బృందం 1988లో పని మొదలుపెట్టి, 2001లో ఒడ్డుకి లోపల, పొలాల కింద పట్టుకుంది. విగ్రహం నిలబడిన చోటుని పాత రాతల్లో 'పోరోస్' అన్నారు; అది సముద్రం కాదు, మడుగు అయి ఉంటుందని వాళ్ళ లెక్క. నదులు తెచ్చిన ఒండ్రు పేరుకుని ఆ మడుగే నేలైపోయింది. కంచు దేవుడు మాత్రం దొరకలేదు.

బాబాయ్‌ని అడుగు, తాత చూపించిన ఆ గుడి ఏ దేవుడిదో. సంక్రాంతికి వస్తున్నా, పడవ మాట్లాడి పెట్టు. గుండీ ఉంటే అదీ తీసి ఉంచు.

నీ
రాము