చాయ్ మంచిదా చెడ్డదా అని కాదు, ఎప్పుడు తాగాలో రాయండి

సంపాదకులకు నమస్కారం.

మీ ఆరోగ్యం పేజీలో ఒక వారం చాయ్ గుండెకు మేలని వస్తుంది. ఇంకో వారం చాయ్ మానేస్తే ఏమేం లాభాలో వస్తాయి. రెండూ ఏదో పరిశోధనలో తేలినవే కావచ్చు, చదివేవాళ్లు మాత్రం ఎవరికి నచ్చింది వాళ్లు పట్టుకుంటున్నారు. నేను వారాసిగూడలో అంగన్‌వాడీ టీచర్ని. మా సెంటర్‌కి వచ్చే గర్భిణులకు ఈ రెండు వార్తల వల్లా ఒరిగేదేమీ లేదు. చాయ్ ఏ వేళలో తాగాలి, దేనితో కలిపి తాగకూడదు అన్నది వాళ్లకు కావాలి.

మా బస్తీలో చాలామంది రక్తం గోలీని చాయ్‌తోనే మింగుతారు. ఐరన్, ఫోలిక్ యాసిడ్ ఉండే ఎర్ర గోలీలవి. ఊరికే అలా చేయరు. గోలీ వేసుకుంటే నోట్లో తుప్పు రుచి, కడుపులో వికారం. పైన నాలుగు గుక్కల వేడి చాయ్ పడితే కాస్త నయమనిపిస్తుంది. ఆశా కార్యకర్త వచ్చి "గోలీ ఏసుకున్నవా?" అంటే "ఏసుకున్న అక్కా" అంటారు. అది నిజమే. అయినా మళ్లీ రక్తపరీక్షలో హిమోగ్లోబిన్ పెరగకపోతే, ఇంట్లో అత్తగారు "సర్కారు గోలీలు గింతే" అని తేల్చేస్తుంది. పాపం, ఆ నింద గోలీ మీదికి పోతుంది.

చాయ్‌లోని టానిన్ల వంటి పదార్థాలు ఐరన్‌ను పట్టుకుంటాయి. పేగులు దాన్ని పీల్చుకోలేవు. 1999లో బ్రిటిష్ జర్నల్ ఆఫ్ న్యూట్రిషన్‌లో వచ్చిన ఒక అధ్యయనంలో రొట్టెతో పాటు బ్లాక్ టీ తాగినవాళ్లలో ఐరన్ పీల్చుకోవడం 79 నుంచి 94 శాతం దాకా తగ్గింది. "మాది పాల చాయ్ కదా" అంటారేమో. పాలు కలిపినా పెద్ద తేడా లేదని అందులోనే తేలింది. మన ఇరానీ చాయ్ డికాక్షన్ గంటల తరబడి దమ్ మీద మరుగుతుంది, దాని సంగతి వేరే చెప్పాలా? ఇప్పుడు సందుకొక బెల్లం చాయ్ బండి వచ్చింది. బెల్లంలో ఐరన్ ఉంటుందని మా ఆడవాళ్లు కొందరు దానికి మారారు. ఉన్న ఆ కాస్త ఐరన్‌నూ అదే గ్లాసులోని చాయ్ పట్టేసుకుంటుందని చెబితే నవ్వారు గానీ నమ్మలేదు.

మాకు కూతవేటు దూరంలో, తార్నాకలోనే జాతీయ పోషకాహార సంస్థ ఉంది. 2024 మేలో వాళ్లు విడుదల చేసిన ఆహార మార్గదర్శకాల్లో ఈ మాట సూటిగా ఉంది: భోజనానికి కనీసం గంట ముందు, గంట తర్వాత టీ, కాఫీలు వద్దు. చాయ్ మానేయమని అనలేదు. రోజుకు కెఫీన్ 300 మిల్లీగ్రాములు దాటొద్దన్నారు, కప్పు టీలో 30 నుంచి 65 దాకా ఉంటుందనీ లెక్క ఇచ్చారు. ఇలా వేళ, కొలత చెబితే మనిషి పాటించగలడు. మధ్యాహ్నం అన్నం తిన్నాక గంట ఆగి, నాలుగింటికి హాయిగా చాయ్ తాగొచ్చు. మా ఆడవాళ్లను చాయ్ వదలమంటే అసలు సెంటర్‌కే రారు.

అందరూ బెంబేలెత్తాల్సిన పనీ లేదు. మాంసంలోని ఐరన్‌కు చాయ్ అంతగా అడ్డుపడదు. పప్పు, ఆకుకూరలు, గింజల్లోని ఐరన్‌కే చిక్కు. అవే మా ఇళ్లలో రోజూ తినేవి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 57 శాతానికి రక్తహీనత ఉంది. అదంతా చాయ్ వల్లేనని నేననను. చాలీచాలని తిండి, నులిపురుగులు, నెలసరిలో ఎక్కువ రక్తస్రావం, కాన్పుకీ కాన్పుకీ ఎడం లేకపోవడం, అన్నీ ఉన్నాయి. కానీ వీటిలో పైసా ఖర్చు లేకుండా ఇవాళే మార్చుకోగలిగింది చాయ్ వేళ ఒక్కటే.

ఇంకో రెండు విషయాలు కూడా రాయండి. కాల్షియం గోలీని, రక్తం గోలీని ఒకేసారి వేసుకోకూడదు, మధ్యలో రెండు గంటలైనా ఉండాలి. రెండూ ఒకే కవర్లో పెట్టుకుని ఒకేసారి మింగేవాళ్లు నాకు తెలుసు. రెండోది నిమ్మకాయ. విటమిన్ సి ఐరన్‌ను ఒంటికి పట్టిస్తుంది. పప్పులో పిండేదేదో పొయ్యి మీద నుంచి దించాక పిండాలి, ఉడికిస్తే ఆ విటమిన్ చాలావరకు పోతుంది.

ఆదివారం అనుబంధంలో అరపేజీ అక్కర్లేదు. రాశిఫలాల పక్కన చిన్న పెట్టె కట్టి, పెద్దక్షరాల్లో ఈ నాలుగు ముక్కలు వేస్తే చాలు. కత్తిరించి సెంటర్ తలుపు మీద అంటిస్తాను. మా దగ్గరికి వచ్చేవాళ్లలో సగం మంది ఉర్దూ వాళ్లు. వాళ్ల కోసం కింద ఉర్దూలో రాసిపెట్టడానికి మా ఆయా కోడలు ముందే ఒప్పుకుంది.

ఇట్లు,
ఒక అంగన్‌వాడీ టీచర్,
వారాసిగూడ, హైదరాబాద్