ఖమ్మం బస్సు వదులుకున్న అమ్మకు

నాన్నకు లివర్ మార్చి ఈరోజుకు 12 రోజులు. నిన్ననే ఐసీయూ నుంచి రూమ్‌కి తెచ్చారు. సరిగా నిద్రపోయి ఎన్నాళ్లయిందో, తప్పులుంటే క్షమించండి.

'బాగా తాగేవారా?' అని చాలామంది అడిగారు. నాన్న జీవితంలో చుక్క ముట్టలేదు. హెపటైటిస్-బి లోపలే ఉండి ఏళ్ల తరబడి లివర్‌ని పాడుచేసింది. చివరికి ఆ ప్రభావం మెదడుకీ పాకి, నన్ను చూసి "ఎవరమ్మా నువ్వు?" అన్నారు. జీవన్‌దాన్‌లో (బ్రెయిన్ డెడ్ అయినవాళ్ల అవయవాలు వరుసలో ఇప్పించే ప్రభుత్వ పథకం) పేరు రాయించాం కానీ వంతు వచ్చేదాకా ఆగే పరిస్థితి లేదు. తమ్ముడు తన లివర్‌లో సగానికి పైగా ఇచ్చాడు. వాడికి థాంక్స్ చెబితే తిడతాడు. అమ్మ సంగతి చెప్పక్కర్లేదు.

ఆపరేషన్ రోజు ఇద్దరినీ లోపలికి తీసుకెళ్లాక అమ్మకు బీపీ పెరిగి పడుకోబెట్టాం. హాల్లో నేనొక్కదాన్నే. పక్క కుర్చీలో ఉన్నావిడ "ఎవరికమ్మా?" అంది. నాన్న, తమ్ముడు అని చెప్తుంటేనే ఏడుపొచ్చేసింది. వాళ్లాయనకు పోయినేడు ఇదే ఆపరేషన్ అట, చెకప్‌కి తీసుకొచ్చింది. "ముందు ఇచ్చినోళ్లు బయటికొస్తరు బిడ్డా. తీసుకున్నోళ్లకు ఇంకా టైం పడ్తది. అది చూసి భయపడకు" అంది. సాయంత్రం వాళ్లకు ఖమ్మం బస్సు. ఆయన్ని చుట్టాలింటికి పంపేసి తను నా దగ్గరే ఉండిపోయింది. నేను వద్దంటున్నా పెరుగన్నం ముద్దలు చేసి నోట్లో పెట్టింది. తమ్ముడు బయటికొచ్చాడు, నాన్న రాలేదు. గంటలు గడిచాయి. ఆ మాట ముందే చెప్పి ఉండకపోతే నా గుండె ఆగిపోయేది. రాత్రి 11 దాటాక డాక్టర్ గారొచ్చి "అయిపోయింది, బాగున్నారు" అంటే ఆవిడ ఒళ్లో తలపెట్టి ఏడ్చాను. పేరు కూడా అడగలేదు. అమ్మా, మీ స్టీలు బాక్సు ఇంకా నా దగ్గరే ఉంది.

ఒకటి చెప్పకుండా ఉండలేను. తమ్ముడి సర్టిఫికెట్‌లో నాన్న పేరు ఒక్క అక్షరం తేడా ఉందని, కన్నకొడుకేనని రుజువు తెమ్మని, ఆఫీసుల చుట్టూ ఆరు రోజులు తిప్పారు. ఈలోపు బిలిరుబిన్ (రక్తంలో కామెర్ల లెక్క, మామూలుగా ఒకటి దగ్గర ఉండాలి) 19 నుంచి 27కి పోయింది. అవయవాల వ్యాపారం ఆపడానికే 1994లో చట్టం తెచ్చారు, రూల్ ఉండాల్సిందే. కానీ చావుబతుకుల్లో ఉన్న మనిషి ఫైలుకి కూడా 'లంచ్ తర్వాత రండి' అంటారా?

డాక్టర్లకు, రాత్రంతా నిలబడ్డ నర్సులకు దండాలు. అయ్యో, ప్లేట్‌లెట్స్ ఇచ్చిన తమ్ముడి ఫ్రెండ్స్! ఫోన్ చార్జింగ్ పెట్టుకోనిచ్చిన సెక్యూరిటీ అన్న, రోజూ కాచిన నీళ్లు పంపిన రూమ్ ఓనర్ ఆంటీ కూడా. ఇంకెవరినైనా మర్చిపోతే ఏమీ అనుకోవద్దు, నాన్నకు మందుల టైమైంది.