మా ఇంట్లో బల్లి పలకడం ఆగింది: ఇద్దరికి థాంక్స్

నవంబర్ నుంచి రోజూ పొద్దున్న ఐదున్నరకి హీటింగ్ (బాయిలర్‌లో కాగిన నీళ్లు పైపుల్లో, రేడియేటర్లలో తిరిగి ఇల్లు వెచ్చబెట్టే ఏర్పాటు) ఆన్ కాగానే మా మేడమీద టక్... టక్ టక్... టక్ అని మొదలయ్యేది. ఒక ఇరవై నిమిషాలు. రాత్రి హీటింగ్ ఆగాక మళ్లీ ఇంకాసేపు. రాజమండ్రి నుంచి వచ్చిన మా అమ్మ దాన్ని బల్లి అనుకుంది. తను ఏదైనా అన్నప్పుడు టక్కుమంటే చాలు, "చూశావా, బల్లి కూడా పలికింది" అనేది. ఇంగ్లండ్‌లో ఈ రీడింగ్ ఊరి చలిలో బల్లులెక్కడివమ్మా అంటే ఒప్పుకునేది కాదు.

ఇప్పుడు ఆ చప్పుడు దాదాపు పోయింది. అందుకు లీడ్స్‌లో ఉండే మా ఫ్రెండ్ వాళ్ల అన్నయ్యకి, మా పక్కింటి పెద్దాయనకి నలుగురిలో థాంక్స్ చెప్పాలని ఇది రాస్తున్నాను. పేర్లు వద్దన్నారు ఇద్దరూ.

అంతకుముందు ఒకతన్ని పిలిచాం. వచ్చింది మధ్యాహ్నం, అప్పుడు అసలు చప్పుడే లేదు. అయినా సిస్టమ్ మొత్తం పవర్ ఫ్లష్ చేయాలి (నీళ్లు జోరుగా పంపి లోపలి మడ్డి కడగాలి), 600 పౌండ్లవుతుంది అన్నాడు. సరే, నేనే చూసుకుంటానని రేడియేటర్ కీ కొనుక్కొచ్చి తొమ్మిది రేడియేటర్లలోనూ గాలి తీశాను. చప్పుడు తగ్గలేదు సరికదా, బాయిలర్ నీళ్ల ప్రెషర్ చూపించే ముల్లు అర బార్‌కి పడిపోయి బాయిలరే ఆగిపోయింది. మర్నాడు పొద్దున్న అమ్మ రెండు స్వెట్టర్లు, పైన శాలువా కప్పుకుని కూర్చుంది. నాకు ఒకటే టెన్షన్.

ఆ రోజే అన్నయ్యకి ఫోన్ చేశాను. కింద ఉన్న ఫిల్లింగ్ లూప్ (సిస్టమ్‌లోకి కుళాయి నీళ్లెక్కించే గొట్టం) వాల్వ్ తిప్పి, ముల్లు ఒకటికీ ఒకటిన్నరకీ మధ్యకి వచ్చేదాకా నీళ్లెక్కించమన్నారు. బాయిలర్ వెలిగింది. తర్వాత అడిగారు: "తమ్ముడూ, చప్పుడు ఎప్పుడొస్తోంది? హీటింగ్ నడుస్తున్నంతసేపూనా, వేడెక్కేటప్పుడూ చల్లారేటప్పుడేనా?" నెలన్నరగా వింటున్నాను, ఈ ప్రశ్న నాకు తట్టలేదు. గుడగుడమంటే గాలి. బాయిలరే కెటిల్‌లా మరుగుతున్నట్టు మోగితే లోపల సున్నమో మడ్డో పేరుకున్నట్టు. వేడెక్కేటప్పుడూ చల్లారేటప్పుడూ మాత్రమే టక్కుమంటే పైపు చెక్కని రాసుకుంటోందన్నమాట. పది మీటర్ల రాగి పైపు 15 డిగ్రీల నుంచి 65కి వేడెక్కితే 8 మిల్లీమీటర్ల పైనే సాగుతుందట. ఆయన ఫోన్‌లోనే లెక్క కట్టి చెప్పారు. సాగడానికి చోటు లేకపోతే పట్టి పట్టి, ఒక్కసారిగా జారుతుంది. అదే మా బల్లి.

ఇక పెద్దాయన. డెబ్బై దాటాయి, ఒకప్పుడు ప్లంబర్. గోడ అవతలి నుంచి ఆయనా ఆ చప్పుడు వింటున్నారు పాపం, ఒక్కసారి కూడా కంప్లైంట్ చేయలేదు. విషయం చెప్పగానే మోకాళ్లకి ప్యాడ్లు కట్టుకుని వచ్చేశారు. మేడ మెట్ల దగ్గర కార్పెట్ మడిచి, ఇదివరకే ఎవరో కోసి పెట్టిన చెక్కపలక ఒకటి వెతికి లేపారు. కింద దూలానికి పెట్టిన గాడిలో రెండు రాగి పైపులు ఒకదాన్నొకటి తోసుకుంటూ ఇరుక్కుని ఉన్నాయి. రాసుకున్న చోట రాగి కొత్త బిందెలా మెరుస్తోంది. హీటింగ్ ఆన్ చేయమని నా వేలు పైపు మీద పెట్టించారు. మూడు నిమిషాలకి టక్... వేలికింద పైపు ఉలిక్కిపడింది!

రంపంతో గాడి లోతు చేస్తానంటే ఆయన ఒప్పుకోలేదు. లోతు పెరిగితే దూలం బలం తగ్గుతుందట. పక్కల్లో మాత్రం ఆకురాయితో కాస్త అరగదీసి, పైపుల కింద, మధ్యన ఫెల్ట్ (మందపాటి మెత్తటి గుడ్డ) ముక్కలు దూర్చారు. అలా నాలుగు చోట్ల. పలకలకి మేకులు కొట్టలేదు, స్క్రూలే బిగించారు. ఏ మేకైనా పైపులో దిగితే కింద హాల్లో వాన! పలకమీద పెన్సిల్‌తో ఇక్కడ పైపులున్నాయని ఇంగ్లీషులో రాశారు, పక్కనే నేను తెలుగులోనూ రాశాను. మొత్తం మూడు గంటలు. డబ్బు ముట్టుకోలేదు, అమ్మ చేసిన పులిహోర మాత్రం డబ్బాతో సహా పట్టుకెళ్లారు. అమ్మ ఆయన్ని "అన్నయ్యగారూ" అని పిలుస్తుంది, ఆయన పలుకుతారు కూడా.

బాయిలర్ మూత మాత్రం ఆయన ముట్టుకోలేదు. గ్యాస్ పని గ్యాస్ సేఫ్ (ఇక్కడి గ్యాస్ పనివాళ్ల అధికారిక రిజిస్టర్) కార్డు ఉన్నవాళ్లే చేయాలి, రిటైరయ్యాక తనకది లేదన్నారు. అన్నయ్య మాట మీద హీటింగ్ నీళ్ల వేడి 75 నుంచి 60కి తగ్గించాను. పైపులు మెల్లగా వేడెక్కుతాయి, గ్యాసూ కలిసొస్తుంది. మాది కాంబి (సిలిండర్ లేకుండా అప్పటికప్పుడు వేణ్ణీళ్లు కాచే బాయిలర్) కాబట్టి సరిపోయింది. వేణ్ణీళ్ల సిలిండర్ ఉన్నవాళ్లు కనుక్కోకుండా ఇలా తగ్గించకండి.

బాత్రూమ్ దగ్గర ఇంకో చోట అప్పుడప్పుడు ఒక్క టక్కు వినిపిస్తోంది. అక్కడ టైల్స్ పగలగొట్టాలి, నాకంత ఓపిక లేదు. అమ్మ అయితే ఆ ఒక్కటీ ఉండనీయమంటోంది.

ఫెల్ట్ సగం రోల్ మిగిలింది, రేడియేటర్ కీ కూడా ఉంది. రీడింగ్ చుట్టుపక్కల ఎవరికైనా కావాలంటే వచ్చి తీసుకెళ్లండి.